రాడ్డా, డంబెల్సా అని అడిగే ముందు ప్లేట్ల సంగతి చూడండి

"రాడ్‌తో సైజు వస్తుంది, డంబెల్స్‌తో షేప్ వస్తుంది." ఈ మాట నేను మొదటిసారి విన్నది కాలేజీ రోజుల్లో, విజయనగరంలో, ఒక రేకుల షెడ్డు జిమ్ములో. మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి మళ్లీ అదే మాట చెప్పాడు. కూకట్‌పల్లిలో ఇంకో ఇద్దరితో కలిసి రూమ్‌లో ఉంటాడు, షిఫ్టుల ఉద్యోగం, జిమ్‌కి వెళ్లడానికి టైము కుదరడం లేదు, అందుకని రూమ్‌లోకే ఏదో ఒకటి కొనుక్కుందామని చూస్తున్నాడు. "మావయ్యా, నాకు చేతులు పెరగాలి. రాడ్ కొననా, డంబెల్స్ కొననా? ఇక్కడ జిమ్‌లో అన్నని అడిగితే సైజు కావాలంటే రాడ్డే అంటున్నాడు" అన్నాడు.

ఫోన్‌లో నేను చెప్పగలిగింది కొంతే. కానీ ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. జనవరి వచ్చిందంటే చాలామంది కుర్రాళ్లు, ఈ మధ్య అమ్మాయిలు కూడా, ఇదే అడుగుతున్నారు. అందరికీ వచ్చే జవాబు కూడా ఆ పాత మాటే. కాబట్టి కాస్త వివరంగా రాద్దామనుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతుల కండ కోసం ఇంట్లో సామాను పెట్టుకునేవాళ్లకి రాడ్డా, డంబెల్సా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, మీ దగ్గరున్న బరువుని ఎంత చిన్న మోతాదులో పెంచుకోగలరు అన్నది. అందుకే పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ప్లేట్ల మీద పెట్టాలి, అందులోనూ ఎవరూ పట్టించుకోని అరకిలో, కిలో ప్లేట్ల మీద. ఆ ప్లేట్లు ఎక్కే రెండు పొట్టి డంబెల్ రాడ్లు ముందు కొనాలి. వంకర కర్ల్ రాడ్ (కర్ల్ అంటే మోచేయి మడిచి బరువుని పైకి తేవడం), అదే కొందరు జిగ్‌జాగ్ రాడ్ అంటారే, అది తర్వాత. పొడవాటి స్ట్రెయిట్ రాడ్ అన్నిటికన్నా ఆఖరున, అదీ ఇంట్లో బెంచీ, స్టాండు పెట్టే చోటుంటేనే.

సైజు, షేప్ అనే విభజన ఎక్కణ్ణుంచి వచ్చింది

ఈ మాట పూర్తిగా గాల్లోంచి ఊడిపడింది కాదు. రెండు చేతులతో ఒకే రాడ్ పట్టుకుంటే బ్యాలెన్స్ సులభం, అందువల్ల బరువు ఎక్కువ ఎత్తగలం. బరువు ఎక్కువ ఎత్తేవాళ్ల చేతులు లావుగా కనిపిస్తాయి. డంబెల్స్ పట్టుకుని అద్దం ముందు నెమ్మదిగా తిప్పుతూ చేసేవాళ్లు ఎక్కువగా పోటీలకి తయారయ్యేవాళ్లు, అప్పటికే కొవ్వు తగ్గించుకుని కండ గీతలు తేలినవాళ్లు. చూసేవాళ్లకి సైజు రాడ్ వల్ల, గీతలు డంబెల్ వల్ల వచ్చాయనిపిస్తుంది.

కండకి మాత్రం పట్టుకున్నది ఏమిటో తెలీదు. దానికి తెలిసేది తన మీద పడే లాగుడు, అది ఎంతసేపు పడింది, ఎంత అలసట దాకా పడింది అన్నవే. బైసెప్స్ ముడి ఎత్తుగా కనిపించాలా, పొడుగ్గా కనిపించాలా అన్నది ఆ కండ ఎక్కడ ఆగి నరంలాంటి స్నాయువుగా మారుతుందో దాన్ని బట్టి ఉంటుంది. మోచేయి మడిచి, కండ చివరికీ మోచేతి మడతకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూసుకోండి. ఒకరికి ఒక వేలు, ఒకరికి మూడు వేళ్లు. అది అమ్మానాన్నల నుంచి వచ్చింది, ఏ డంబెలూ దాన్ని మార్చలేదు.

ఇక బరువు ఎక్కువ ఉంటేనే కండ పెరుగుతుందన్న మాట. 2017లో కండ పెరుగుదల మీద పరిశోధన చేసే బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే, సెట్టు (ఆగకుండా వరుసగా చేసేది) చివరికి ఇక లేవదు అనేదాకా చేసినప్పుడు, తక్కువ బరువు ఎక్కువ రెప్స్ (ఎత్తి దించడాలు) చేసినవాళ్లకీ, ఎక్కువ బరువు తక్కువ రెప్స్ చేసినవాళ్లకీ కండ పెరుగుదల ఇంచుమించు ఒకేలా వచ్చింది. బలం విషయంలో తేడా ఉంది, ఎక్కువ బరువు వాళ్లే ముందున్నారు. మా వాడు అడిగింది మాత్రం చేతుల సైజు. కాబట్టి రాడ్ మీద ఎక్కువ బరువు ఎత్తొచ్చు అన్న ఒక్క కారణంతో సైజుకి రాడ్డే అనేస్తే కుదరదు.

రాడ్డే మేలనేవాళ్ల వైపు నుంచి ఒక మంచి ఆధారం ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 2018లో ఇటలీ పరిశోధకులు స్ట్రెయిట్ రాడ్, కర్ల్ రాడ్, డంబెల్స్ మూడింటితో కర్ల్స్ చేయించి కండలో విద్యుత్ సంకేతాలు కొలిచారు. డంబెల్ కర్ల్ వెనకబడింది, కర్ల్ రాడ్ ముందుంది. స్ట్రెయిట్ రాడ్‌కీ కర్ల్ రాడ్‌కీ తేడా చాలా తక్కువ కాబట్టి చేతికి ఏది హాయిగా ఉంటే అది వాడుకోవచ్చన్నట్టు వాళ్లే రాశారు. ఈ అధ్యయనం వీడియోల్లో బాగా తిరిగింది. నాకు దీని మీద అనుమానం ఒక్కటే. ఆ పూట కండలో ఎంత కరెంటు కనిపించింది అన్నదానికీ, నెలల తర్వాత ఆ కండ ఎంత పెరిగింది అన్నదానికీ నేరుగా లంకె వేయడం కష్టం. పైగా అది కొద్దిమంది మీద చేసిన పరీక్ష. అయినా కర్ల్ రాడ్‌కి అనుకూలంగా ఉన్న సాక్ష్యం అని ఒప్పుకుంటాను, నా జాబితాలో దానికి రెండో స్థానం ఇచ్చిన కారణాల్లో అదీ ఒకటి.

ఐదు నుంచి ఏడున్నర

అసలు గొడవ ఇక్కడుంది. షాపుల్లో దొరికే రెడీమేడ్ డంబెల్స్, రబ్బరు తొడుగువి, చాలా చోట్ల రెండున్నర కిలోల తేడాతో ఉంటాయి. ఐదు, ఏడున్నర, పది, పన్నెండున్నర. స్క్వాట్ చేసేవాడికి రెండున్నర కిలోలు లెక్కలోకి రాదు. చేతుల విషయంలో అలా కాదు. ఐదు నుంచి ఏడున్నరకి వెళ్లడమంటే ఒక్కసారిగా యాభై శాతం పెంచడం. ఏడున్నర నుంచి పదికి వెళ్లడమంటే ముప్ఫై మూడు శాతం. బైసెప్స్ చిన్న కండ, అది అంత గెంతు వేయలేదు. అప్పుడు కుర్రాడు చేసే పని మనందరం చూసిందే: నడుము వెనక్కి విరుస్తాడు, భుజాలు ఎగరేస్తాడు, బరువు పైకి వెళ్తుంది, బైసెప్స్ మీద మాత్రం పడాల్సినంత పడదు. నెల తిరిగేసరికి మోచేతి నొప్పి అంటాడు.

"రెప్స్ పెంచుకుంటూ పోతే సరిపోతుంది కదా" అని అడగొచ్చు. అవును, అదే సరైన దారి, నేనూ అదే చెప్తాను. కానీ లెక్క వేసి చూడండి. జిమ్ముల్లో వాడే ఎప్లీ సూత్రం ఒకటుంది: ఎత్తిన బరువుని, ఒకటికి రెప్స్‌లో ముప్ఫయ్యో వంతు కలిపిన దానితో గుణిస్తే, మీరు ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు అంచనాగా వస్తుంది. ఏడున్నర కిలోలతో 15 రెప్స్ చేసేవాడి గరిష్ఠం 11.25 కిలోలు. వాడే పది కిలోల డంబెల్ పట్టుకుంటే నాలుగు రెప్స్ దాకా వస్తాయి, అంతే. ఏడున్నరతో 20 రెప్స్ శుభ్రంగా చేయగలిగితే పదితో ఏడు వస్తాయి. అంటే 20 దాకా ఓపిక పట్టాలి. ఎంతమంది పడతారు? సెట్టు పొడుగైన కొద్దీ బోర్ కొడుతుంది, ఊపిరి ముందు అలిసిపోతుంది, చాలామంది పన్నెండు రెప్స్ దగ్గరే పెద్ద డంబెల్ అందుకుంటారు. రెప్స్ ఎక్కువైన కొద్దీ ఆ సూత్రం అంచనా తప్పుతూ ఉంటుంది, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. గెంతు పెద్దదన్న విషయం మాత్రం మారదు.

ఇదే ప్లేట్లు మార్చుకునే డంబెల్ అయితే? రాడ్, లాక్‌లు, ప్లేట్లు అన్నీ కలిపి పది కిలోలు ఉందనుకుందాం. రెండు పక్కలా అరకిలో ప్లేట్ ఒక్కోటి వేస్తే పదకొండు. పది శాతం పెంపు. కిలో ప్లేట్లే ఉంటే పన్నెండు, ఇరవై శాతం. ఇప్పుడు కర్ల్ రాడ్ తీసుకోండి, మొత్తం ఇరవై కిలోలు, అదే రెండు అరకిలో ప్లేట్లు చెరో పక్క వేస్తే ఇరవై ఒకటి. ఐదు శాతమే. రెండు చేతులూ పంచుకుంటాయి కాబట్టి అదే ప్లేట్‌తో పెంపు సగం అయిపోతుంది. కర్ల్ రాడ్ మంచిదని చెప్పే పెద్దలు చెప్పని కారణం ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

మరి డంబెల్స్ ముందు అని ఎందుకంటున్నానంటే, కర్ల్ రాడ్‌తో ముఖ్యంగా నడిచేవి కొద్ది వ్యాయామాలు. కర్ల్స్, అరచేతులు కిందికి పెట్టి చేసే రివర్స్ కర్ల్స్, ట్రైసెప్స్‌కి, అంటే పై చేతి వెనకవైపు కండకి, ఒకటి రెండు. డంబెల్ జతతో వీపు, భుజాలు, ఛాతీ, కాళ్లు అన్నీ ఎంతో కొంత నడుస్తాయి, అరచేతులు ఎదురెదురుగా పెట్టి చేసే హ్యామర్ కర్ల్ కూడా సుఖంగా వస్తుంది. రూమ్‌లో ఉండే కుర్రాడు చేతులొక్కటే చేసుకుంటూ కూర్చుంటే బాగోదు. డంబెల్‌లో పెంపు పెద్దదన్న ఇబ్బందికి చిన్న ఉపాయం ఉంది. నడకకి వెళ్లేవాళ్లు మణికట్టుకి కట్టుకునే అరకిలో బరువు పట్టీలు అమ్ముతారు. అవి కట్టుకుని డంబెల్ పట్టుకుంటే పదికీ పదకొండుకీ మధ్య ఇంకో మెట్టు దొరుకుతుంది. పట్టీ అరచేతికన్నా మోచేతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పూర్తి అరకిలో ప్రభావం ఉండదు, అదీ మంచికే.

ఈ మెట్ల సంగతి మాట్లాడేటప్పుడు నాకు ఎప్పుడూ సిడ్నీ గుర్తొస్తుంది. 2000లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ, మా పక్క జిల్లా శ్రీకాకుళం, ఆముదాలవలస దగ్గరి అమ్మాయి. పైన నిలిచిన ఇద్దరివీ 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నానికి రాడ్ మీద 137.5 పెట్టారు, అది లేవలేదు. 130 నుంచి 137.5కి ఒకేసారి. ఆ రోజు స్వర్ణం కోసం వేసిన ఆ లెక్కని నేను తప్పుపట్టను, పోటీ లెక్క వేరు, అక్కడ రేపు ఇంకోసారి ప్రయత్నించే వీలుండదు. కానీ అప్పట్లో నిబంధన ప్రకారం బరువు రెండున్నర కిలోల మెట్లలోనే పెరిగేది. 2005 నుంచి దాన్ని ఒక కిలోకి దించారు. రెండు వందల కిలోలు ఎత్తే మగవాళ్ల పోటీల్లో కూడా ఇప్పుడు మెట్టు ఒక్క కిలోనే. అలాంటప్పుడు ఐదు కిలోల డంబెల్‌తో మొదలుపెట్టిన కుర్రాడిని రెండున్నర కిలోలు గెంతమనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

వంకర రాడ్ ఎందుకు వంకరగా ఉంది

నేను అప్పుడప్పుడూ వెళ్లే జిమ్ములో ఒకావిడ స్ట్రెయిట్ రాడ్‌తో కర్ల్స్ చేస్తూ ప్రతి సెట్టు తర్వాతా మణికట్టు నొక్కుకునేది. ట్రైనర్ ఆవిడతో "అలవాటైపోతుంది అక్కా" అన్నాడు. ఆ మాటకి నాకు బాధేసింది. అలవాటయ్యే వ్యవహారం కాదది. చేతులు కిందికి వదిలి అరచేతులు ముందుకి తిప్పి అద్దంలో చూసుకుంటే, ముంజేయి తిన్నగా ఉండదు, మోచేతి దగ్గర కాస్త బయటికి వంగి ఉంటుంది. ఆ వంపు మనిషికో రకం, సాధారణంగా ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. తిన్నని కడ్డీ రెండు అరచేతుల్నీ పూర్తిగా పైకి తిప్పి ఒకే గీత మీద ఉంచుతుంది, ముంజేయి మాత్రం తన దారిన వంగి ఉంటుంది. మధ్యలో నలిగేది మణికట్టు, మోచేతి లోపలి వైపు.

1940ల చివర అమెరికాలో లూయిస్ డైమెక్ అనే ఆయన ఈ వంకర రాడ్ తయారుచేసి 1950లో పేటెంట్ పొందాడు. అరచేతులు పూర్తిగా పైకి కాకుండా కాస్త లోపలికి వాలేట్టు వంపులు పెట్టాడు, అంతే. దానివల్ల బైసెప్స్ కొంచెం సుఖపడిపోతుందనీ, పని తగ్గుతుందనీ వాదించేవాళ్లున్నారు. బైసెప్స్‌కి మోచేయి మడవడంతోపాటు అరచేయి పైకి తిప్పడం కూడా పనే కాబట్టి ఆ వాదనలో కొంత నిజముంది. కానీ నొప్పితో మానేసిన కర్ల్ కన్నా, ఆ కొంచెం తగ్గిన కర్ల్ ఏళ్ల తరబడి చేసుకోవడం మేలు. అరచేయి పక్కకి ఉన్నప్పుడు బైసెప్స్ కిందుండే బ్రాకియాలిస్, ముంజేతి పైనుండే కండ ఎక్కువ పనిచేస్తాయి. అవి పెరిగినా చెయ్యి లావుగానే కనిపిస్తుంది.

డంబెల్‌లో ఈ చిక్కే లేదు, మణికట్టు ఎటు తిరగాలనుకుంటే అటు తిరుగుతుంది. అయితే కర్ల్ చేస్తూ అరచేయి పైకి తిప్పడం వల్ల డంబెల్‌కి పెద్ద ఆధిక్యం ఉందని చెప్పే మాటని నేను అంతగా నమ్మను. రెండు పక్కలా బరువు సమానంగా ఉన్న డంబెల్‌ని తిప్పడానికి పెద్ద శ్రమ ఏముంది? తిప్పడం సుఖం కోసం, అంతవరకే.

పైనున్న కండ, వెనకున్న కండ

ఇంతసేపూ కర్ల్స్ గురించే మాట్లాడాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే. చొక్కా చేతిని నింపేది మాత్రం వెనకవైపు కండ. పై చేతిలో ట్రైసెప్స్ వాటా బైసెప్స్ కన్నా బాగా ఎక్కువ. స్ట్రెయిట్ రాడ్ వైపు వాదన ఇక్కడే నిజంగా బలంగా ఉంటుంది. 2011లో నార్వే పరిశోధకులు బెంచ్ ప్రెస్‌ని (బెంచీ మీద పడుకుని బరువుని ఛాతీ మీంచి పైకి నెట్టడం) స్మిత్ మిషన్ (రాడ్ పట్టాల మీద కదిలేది), రాడ్, డంబెల్స్ మూడింటితో పోల్చారు. డంబెల్స్‌తో ఎత్తగలిగిన బరువు రాడ్ కన్నా 17 శాతం తక్కువ, ట్రైసెప్స్ పని కూడా డంబెల్స్‌తో తగ్గింది. డంబెల్స్ పక్కలకి జారిపోకుండా ఆపడంలో బైసెప్స్ ఎక్కువ పనిచేసింది. కాబట్టి జిమ్‌లో, బెంచీ మీద, పక్కన పట్టుకునే మనిషి ఉండగా, చేతులు దగ్గరగా పెట్టి రాడ్‌తో ప్రెస్ చేయగలిగినవాడిని నేను ఆపను. అది మంచి వ్యాయామం.

కానీ రూమ్‌లో? స్టాండు లేకుండా నేల మీద పడుకుని ఛాతీ మీదికి రాడ్ ఎలా తెచ్చుకుంటాడు, ఆఖరి రెప్ లేవకపోతే దాని కింద నుంచి ఎలా బయటికొస్తాడు? ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయొద్దని గట్టిగా చెప్తాను. డంబెల్ అయితే పక్కకి దించేయొచ్చు.

ఇంకో సంగతి. 2022లో ప్రచురించిన ఒక జపాన్ అధ్యయనంలో ఒకే మనిషి ఒక చేత్తో తల పైన, ఇంకో చేత్తో పక్కన ఉంచి ట్రైసెప్స్ ఎక్స్‌టెన్షన్ 12 వారాలు చేశారు. తల పైన చేసిన చెయ్యి ట్రైసెప్స్ మొత్తం మీద దాదాపు 1.4 రెట్లు ఎక్కువ పెరిగింది. చిత్రమేమిటంటే తల పైన వాడిన బరువే తక్కువ. ట్రైసెప్స్‌లో పొడవాటి భాగం భుజం దాటి వెళ్తుంది, చెయ్యి పైకెత్తితే అది బాగా సాగుతుంది, సాగిన స్థితిలో పడిన బరువు దాన్ని ఎక్కువ పెంచిందని అర్థం చేసుకోవచ్చు. వాళ్లు వాడింది కేబుల్ మిషన్, నిజమే. కానీ ఆ కదలికని ఒక్క డంబెల్‌ని రెండు చేతులతో పట్టుకుని తల వెనక్కి దించి చేసుకోవచ్చు, కుర్చీలో కూర్చుని. ఈ ఒక్క వ్యాయామం కోసమైనా ఇంట్లో డంబెల్ ఉండాలంటాను.

ఇక్కడ లాక్‌ల గురించి హెచ్చరిక. ప్లేట్లు ఎక్కించే డంబెల్‌ని తల మీదికి తీసుకెళ్లేటప్పుడు లాక్ వదులైతే ప్లేట్ పడేది మన మెడ మీద. స్ప్రింగ్ క్లిప్పులు కొన్నాళ్లకి వదులైపోతాయి. మరలు తిప్పి బిగించే లాక్‌లున్న డంబెల్ రాడ్లు తీసుకోండి, ప్రతి సెట్టు ముందూ చేత్తో తిప్పి చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు కుర్రాడి డంబెల్ నుంచి ఒకసారి ఐదు కిలోల ప్లేట్ జారి టైల్స్ మీద పడింది. టైల్ పగిలింది, కింది ఫ్లాట్ పెద్దాయన అర్ధరాత్రి మెట్లెక్కి వచ్చి "ఏం బాబూ, పైకప్పు కూలుతోందా" అని అడిగారు. ఆయన కోపంలో న్యాయముంది, గుండె జబ్బు మనిషి. ఆ కుర్రాడు మర్నాడే దళసరి రబ్బరు షీటు తెచ్చి పరిచాడు. బరువుల బడ్జెట్‌లో ఆ షీటు ఖర్చు కూడా రాసుకోండి.

నాతో ఒప్పుకోనివాళ్లు చెప్పేవి

మా స్నేహితుడొకాయన ప్లేట్లు మార్చుకోవడమే పెద్ద తలనొప్పి అంటాడు. "సెట్టుకీ సెట్టుకీ మధ్య లాక్ విప్పి, ప్లేట్ తీసి, మళ్లీ బిగించి, ఈలోపు ఒళ్లు చల్లారిపోతుంది. రెడీమేడ్ జత అయితే అందుకోవడం, చేయడం, పెట్టేయడం." ఈ వాదన నన్ను చాలా ఆలోచింపజేసింది, ఎందుకంటే చేతికి అందుబాటులో ఉన్న వస్తువుతోనే మనిషి రోజూ చేస్తాడు. ఆఫీసు కాల్స్ మధ్య పది నిమిషాలు దొరికేవాళ్లకి ఆయన మాటే సరైనది కావచ్చు. కానీ ఆయన ఇంట్లోనే సాక్ష్యముంది. రెండు, మూడు, ఐదు కిలోల జతలు కొన్నాడు. కొద్ది నెలల్లో అవి తేలికైపోయాయి. ఏడున్నర జత కొన్నాడు, తర్వాత పది. ఇప్పుడు రెండు కిలోల జతతో వాళ్లమ్మగారు భుజానికి డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసుకుంటున్నారు, సంతోషమే, మిగతావి మాత్రం మూల పడున్నాయి. అదే డబ్బుతో కొన్న ప్లేట్లయితే ఒక్కటీ పనికిరాకుండా పోదు. రేపు కర్ల్ రాడ్ కొంటే దాని మీదికెక్కుతాయి, ఎల్లుండి స్ట్రెయిట్ రాడ్ కొంటే దానికీ ఎక్కుతాయి. మార్చుకునే శ్రమ తగ్గాలంటే ఆ పూట వ్యాయామాల్ని ఒకే బరువుతో చేసేవి పక్కపక్కన ఉండేట్టు అమర్చుకుంటే చాలు.

కెటిల్‌బెల్, అదే పైన పిడి ఉన్న ఇనుప గుండు, దాని గురించి ఎక్కువ రాయను. ఊపు వ్యాయామాలకి, నడుముకి, ఊపిరికి బాగుంటుంది. చేతుల కండకని కొనేవాళ్లకి మెట్లు మరీ దూరం, నాలుగేసి కిలోల తేడాతో ఉంటాయి.

పుల్-అప్ రాడ్ ఉంటే ఇవన్నీ ఎందుకు అనేవాళ్లతో నాకు సగం ఏకాభిప్రాయం. అరచేతులు మన వైపుకి పెట్టి చిన్-అప్స్ తీయగలిగినవాడికి బైసెప్స్ బాగానే పెరుగుతాయి. కానీ మొదలుపెట్టే చాలామందికి ఒక్కటి కూడా రాదు. అక్కడ మొదటి మెట్టే మనిషి సొంత బరువు.

మా ఉత్తరాంధ్రలో సంక్రాంతికి, జాతర్లకి రాతి సంగిడీలు ఎత్తే పోటీలు ఇంకా జరుగుతున్నాయి. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన నేల మాది. "మన పెద్దోళ్లకి అరకిలో ప్లేట్లున్నాయా? దండీలు, బస్కీలు తీసి, రాయెత్తి అయ్యారు కండలోళ్లు" అని ఊళ్లో మా పెదనాన్న అంటారు. ఆయన మాటని నేను తీసిపారేయను. రాయి ఎత్తడం గొప్ప విద్య, అందులో నడుము, కాళ్లు, పట్టు అన్నీ తేలతాయి. కానీ ఆ రాయి బరువు మారదు. దాన్ని ఎత్తగలిగినవాడిని అది బయటపెడుతుంది, ఎత్తలేనివాడిని ఎత్తగలిగేలా చేయడం దానికి చేతకాదు. ఎత్తలేకపోయిన కుర్రాళ్లు ఊళ్లో ఎంతమందో, వాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో చూడండి. మత్స సంతోషి లాంటి లిఫ్టర్లు వచ్చిన ఊరది, 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో ఆమె 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. వాళ్లు నేర్చుకున్నది రాడ్, ప్లేట్ల మీద.

కొనేటప్పుడు

ఇక షాపు దగ్గర చూసుకోవాల్సినవి. ముందు చిల్లు. ఇంటికి వాడే రాడ్లు చాలావరకు అంగుళం లావువి, వాటి ప్లేట్ల చిల్లు దానికి సరిపోయేదే. పెద్ద జిమ్ముల్లో వాడే ఒలింపిక్ రాడ్ చివరలు 50 మిల్లీమీటర్లు, ఆ ప్లేట్లు ఇంటి రాడ్ మీద వదులుగా ఊగుతాయి. ఒకే చిల్లు ఉన్న ప్లేట్లే కొంటూ పోవాలి, లేకపోతే నేను పైన చెప్పిందంతా వృథా.

తర్వాత, ప్లాస్టిక్ తొడుగు ప్లేట్లు. లోపల సిమెంటు లాంటిది నింపి ఉంటుంది, చవక, కింద పడితే చప్పుడు కూడా తక్కువ. ఇబ్బంది ఏమిటంటే ఇవి దళసరి. పొట్టి డంబెల్ రాడ్ మీద పక్కకి మూడు ఎక్కించేసరికి చోటు అయిపోతుంది. పెద్ద ప్లేట్లు ఇనుపవో, రబ్బరువో తీసుకోండి, చిన్నవి ఏవైనా పర్లేదు. కాంబో ప్యాక్‌లలో సాధారణంగా మూడు, ఐదు కిలోలవి కుక్కి పెడతారు, కిలోవి ఉంటే ఒక జత, అరకిలోవి అసలు ఉండవు. విడిగా అడగాలి. నాలుగు అరకిలోవి, నాలుగు కిలోవి ఉంటే చాలాకాలం గడుస్తుంది.

రాడ్ బరువు కంపెనీకో రకంగా ఉంటుంది, పైన రాసిందీ లోపలున్నదీ ఒకటి కాకపోవచ్చు. ప్లేట్ల మీద అచ్చు వేసిన అంకెని కూడా నమ్మేయకుండా కాటా మీద పెట్టి చూడండి. మా ఇంట్లో ఉన్న ప్లేట్ల మీద అసలు బరువు మార్కర్‌తో రాసిపెట్టాను. ఐదు కిలోల ప్లేట్లు రెండూ ఒకే బరువు లేకపోతే రాడ్ ఒక పక్కకి వాలుతుంది, మనం మన ఎడమ చెయ్యి బలహీనమనుకుంటాం.

పాత సామాను దొరికితే మొహమాటపడకండి, ఇనుప ప్లేట్‌కి వయసు లేదు. జనవరిలో కొన్నవాళ్లు వేసవి వచ్చేసరికి అమ్మేస్తుంటారు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో అడిగి చూడండి. పాతవి తీసుకున్నప్పుడు రాడ్ మర అరిగిందేమో, లాక్ చివరిదాకా బిగుస్తుందో లేదో తప్పనిసరిగా చూడాలి, అనుమానముంటే లాక్‌లు మాత్రం కొత్తవి కొనుక్కోండి.